కండి సింహాసనముపై నాయకులు: ఒక వలస కుటుంబము కథ

(సంఘ వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగపాఠము)



వేలూరు పట్టణమునకు కొంచెము ఎడముగా, పాలారు నది ఒడ్డున, ముత్తు మండపము అను పేరుగల ఒక స్మారకమండపము కలదు. 1990లో తమిళనాడు ప్రభుత్వము దానిని కట్టించి తెరచినది. ఆ మండపములో సమాధియైయున్నవాడు సింహళద్వీపమును ఏలిన చిట్టచివరి రాజు, శ్రీ విక్రమ రాజసింహుడు. ఆయన ఆంగ్లేయుల బందీగా పదునారు సంవత్సరములు వేలూరు కోటలో గడపి, 1832 జనవరి 30వ తేదీన కన్నుమూసెను. రాజుకాక పూర్వము ఆయన పేరు కన్నుసామి. తల్లి పేరు సుబ్బమ్మ.

సింహళరాజు తల్లికి సుబ్బమ్మ యను పేరు ఎట్లు వచ్చినదని సభాసదులు ఆశ్చర్యపడవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానమే నేటి ప్రసంగవిషయము. ఒక కుటుంబము తెలుగునేలనుండి మధురకును, మధురనుండి సింహళపు కొండలలోని కండి నగరమునకును, అచ్చటినుండి తిరిగి వేలూరునకును చేరిన కథ ఇది. వేలూరునుండి మన చిత్తూరు ఎంతో దూరము కాదు. మూడువందల యేండ్లు తిరిగి తిరిగి, బయలుదేరిన ఇంటి గుమ్మము దాపునకు వచ్చి ఆగిపోయిన బాటసారివంటిది ఆ కుటుంబము.

కథ మధురతో ప్రారంభింపవలెను. విజయనగర సామ్రాజ్యపు సేనలతో దక్షిణమునకు పోయిన తెలుగు నాయకులలో విశ్వనాథనాయకుడు 1529 ప్రాంతమున మధురలో పాలన స్థాపించెను. ఆ వంశము 1736 వరకు, అనగా ఇంచుమించు రెండు శతాబ్దములు, అచ్చట ఏలినది. ఆ వంశమువారును, వారి చుట్టములును, వారిని ఆశ్రయించిన పాళెగాండ్రలో పెక్కుమందియు తమిళదేశములోనే స్థిరపడిరి. తమిళము వారికి నిత్యవ్యవహారభాష యయ్యెను. అయినను ఇంటిపలుకు పోలేదు. విజయరంగ చొక్కనాథుడు, అనగా 1706 మొదలు 1732 వరకు మధురను ఏలిన రాజు, తానే శ్రీరంగమాహాత్మ్యమును తెలుగు వచనమున వ్రాసెను. సముఖము వేంకటకృష్ణప్పనాయకుడు ఆయన కొలువులోనే జైమిని భారతమును వచనముగా రచించెను. మన వచనవాఙ్మయ చరిత్రలో ఒక అధ్యాయము మధుర కోటలో నడచినదన్నమాట. సరిగా ఆ కాలముననే మధురనుండి కండికి పెండ్లికూతుండ్రు పల్లకీలెక్కి పోవుచుండిరి.

ఏల పోయిరి? దీనికి సింహళపు పరిస్థితిని కొంత ఎరుగవలెను. సింహళ సముద్రతీరము మొదట పోర్చుగీసువారి పాలును, 1658 నాటికి డచ్చివారి పాలును అయినది. స్వతంత్రముగా మిగిలినది నడుమ కొండలలోని కండి రాజ్యము మాత్రమే. ఆ సింహాసనమునకు అర్హుడు సూర్యవంశ క్షత్రియుడు కావలెను. పట్టమహిషియు క్షత్రియ వంశమునందే పుట్టవలెను. ఆమెకు పుట్టినవాడే రాజు కావలెను. ఇది ఆచారము. కండిలో రదలలు అనబడు గొప్ప ప్రభుకుటుంబములు కలవు. వారికి భూములు కలవు, పదవులు కలవు, పౌరుషము కలదు. కాని వారిలో ఒక ఇంటి పిల్లను రాజు పట్టమహిషిగా చేసికొన్నచో ఆ ఇల్లు తక్కిన ఇండ్లకు మించిపోవును. అందుచేత రాణి బయటనుండి వచ్చుటయే అందరికిని క్షేమము. ఆచారములకు శాస్త్రము ఒక కారణము చెప్పును, ఇరుగుపొరుగుల అసూయ మరియొక కారణము చెప్పును. రెండవదియే తరచుగా గట్టిది. రెండవ రాజసింహుని కాలమునుండి, అనగా పదునేడవ శతాబ్దమునుండి, కండి రాజులు మధుర నాయకుల బంధువర్గములోని కన్యలను వివాహమాడుచు వచ్చిరి.

పెండ్లికూతురు ఒంటరిగా పోదు. తండ్రి పోవును, అన్నదమ్ములు పోవుదురు, దాసీజనము పోవుదురు. కొందరు తిరిగివత్తురు, కొందరు అచ్చటనే ఉండిపోవుదురు. అట్లు ఉండిపోయిన రాజబంధువుల కొరకు కండిలో ప్రత్యేకముగా ఒక వీథి ఏర్పడినది. దానికి కుమారుప్పె వీథి యని పేరు. ఆంగ్లేయులు దానిని మలబారు వీథి యనిరి. వారికిని, వారికి పూర్వము డచ్చివారికిని, దక్షిణభారతమునుండి వచ్చినవాడు ఎవడైనను మలబారువాడే. సింహళీయులు మాత్రము వారిని వడిగ యనిరి. తమిళులు తెలుగువానిని వడుగుడందురు గదా, ఆ మాటయే అది. ఉత్తరదిక్కువాడని అర్థము.

1707 మొదలు 1739 వరకు కండిని ఏలిన వీర పరాక్రమ నరేంద్రసింహుడు సింహళ వంశపు కడపటి రాజు. ఆయన పట్టమహిషులు మధురనుండి వచ్చినవారు. వారికి సంతానము నిలువలేదు. ఒక సింహళ ప్రభుస్త్రీయందు ఉనంబువె బండార అను కుమారుడు కలిగెను గాని, తల్లి క్షత్రియ కాదు కావున అతనికి సింహాసనము దక్కలేదు. రాజు తన అనంతరము పట్టమహిషి సోదరుడు రాజు కావలెనని నిర్ణయించెను. కొందరు ప్రభువులు ఉనంబువె పక్షము వహించిరి. కాని ఆ కాలపు సింహళ పండితులలో అగ్రగణ్యుడైన వెలివిట శరణంకరుడు నాయక కుమారుని పక్షము వహించెను. ఆ కుమారునికి గురువు ఆయనయే. 1739లో ఆ బావమరది శ్రీ విజయ రాజసింహుడను పేర సింహాసనమెక్కెను. బావమరది బ్రతుకగోరును, దాయాది చావగోరునని మన సామెత. కండిలో సింహాసనము దాయాదికి పోక బావమరదికి పోయినది. ఇట్లు ఒకసారి కాదు, వరుసగా రెండుసార్లు.

శ్రీ విజయుడు చేసిన మొదటి పని మతము విషయమున ఒక నిర్ణయము. కండి రాజు బౌద్ధధర్మమునకు రక్షకుడు, దంతధాతువునకు సంరక్షకుడు. బుద్ధుని దంతము ఎవరి స్వాధీనమున నుండునో వారిదే రాజ్యమని ఆ దేశపు నమ్మకము. కావున మధురలో విష్ణ్వాలయ శివాలయముల నడుమ పెరిగిన యువకుడు కండిలో బుద్ధభక్తుడు కావలసివచ్చెను. ఆయన కపటముగా చేసెనని చెప్పుటకు ఆధారము లేదు. ఆ కాలమున సింహళములో ఉపసంపద, అనగా పూర్ణభిక్షుదీక్ష, ఇచ్చుటకు తగినంతమంది పూర్ణభిక్షువులు లేక ఆ పరంపరయే తెగిపోయియుండెను. దానిని పునరుద్ధరించుటకు రాజు రాయబారులను పంపెను. మొదటి ఓడ పెగూ తీరమున మునిగెను. రెండవ రాయబారము సయాము రాజధాని అయుధ్యను చేరెను గాని, అంతలో కండిలో రాజు మరణించెనన్న వార్త తెలిసి భిక్షువులు రాకయే పని నిలిచిపోయెను. శ్రీ విజయుడు 1747లో మరణించెను. ఆయనకును సంతానము లేదు.

ఆయన మధురనుండి వివాహమాడిన కన్యతోపాటు ఆమె తండ్రి నరేనప్పనాయకుడు, అన్నదమ్ములిద్దరు కండికి వచ్చియుండిరి. మధురలో నాయకరాజ్యము అంతకుముందే, 1736లో, అంతరించినది. కావున ఆ కుటుంబమునకు తిరిగిపోవుటకు తగిన ఇల్లు కూడ లేదు. కండికి వచ్చునాటికి ఆ పిల్లలు బాలురు. వారిలో పెద్దవాడే కీర్తి శ్రీ రాజసింహుడు, చిన్నవాడు రాజాధి రాజసింహుడు. పెద్దవాడు 1747 మొదలు 1782 వరకు ముప్పదియైదేండ్లు రాజ్యమేలెను. వలస వచ్చిన కుటుంబము ఒక దేశమునకు ఏమి ఇయ్యగలదో, ఆ దేశము ఆ కుటుంబమునుండి ఏమి ఆశించునో, ఏది ఎంత ఇచ్చినను చాలదో, అంతయు ఈ రాజు జీవితములో కానవచ్చును. కావున ఇచ్చట కొంత నిదానింపవలెను.

కీర్తి శ్రీ మూడవ రాయబారమును సయామునకు పంపెను. 1750లో త్రికోణమలనుండి డచ్చివారి ఓడపై బయలుదేరిన రాయబారులు 1753లో ఉపాలి స్థవిరుని, ఆయనతో పెక్కుమంది సయాము భిక్షువులను వెంటబెట్టుకొని తిరిగివచ్చిరి. ఆ సంవత్సరమే కండిలోని మల్వత్త విహారమున ఉపసంపద మరల ప్రారంభమయ్యెను. శరణంకరుడు సంఘరాజు అయ్యెను. నేటికిని సింహళములో ప్రధానమైన భిక్షుపరంపరకు సయాము నికాయమని పేరు. ఉపాలి 1756లో కండిలోనే మరణించెను. తెగిపోయిన దారమును ముడివేసినది సయాము భిక్షువు. వానిని రప్పించినవాడు మధుర నాయకుడు. ఓడ ఇచ్చినవాడు డచ్చి వర్తకుడు. ఒక జాతి ధర్మము ఒక్కొక్కప్పుడు ఎందరు పరాయివారి చేతులమీదుగా నిలుచునో చూడుడు.

ఆయన దేవాలయముల విషయమునను తక్కువ చేయలేదు. దంబుల్ల గుహలలో మూడవదైన మహా అలుత్ విహారమును ఆయనయే కట్టించెను. ఆ గుహలో బుద్ధవిగ్రహములతోపాటు ఆయన ప్రతిమయు నిలిచియున్నది. దెగల్దొరువ గుహాలయమున వ్రాయబడిన జాతకకథల చిత్రములు ఆ కాలపు సింహళ చిత్రకళకు తలమానికములు. మహావంశమను పాళీ రాజవంశచరిత్రను శతాబ్దముల తరువాత తిరిగి కొనసాగింపజేసినవాడును ఆయనయే. కండిలో ఆషాఢమాసమున జరుగు పెరహెర ఉత్సవము అంతకుముందు నాథ, విష్ణు, కటరగమ, పత్తిని దేవాలయముల ఊరేగింపు మాత్రమే. అందులో దంతధాతువును ఏనుగుపై అగ్రభాగమున ఊరేగించు సంప్రదాయమును ఆయన ఏర్పాటు చేసెనని చెప్పుదురు. అనగా నేడు ప్రపంచమంతయు వచ్చి చూచు ఆ ఉత్సవరూపము నాయకరాజు దిద్దినది.

ఇంత చేసినవానిని 1760లో చంపజూచిరి. కుట్ర పన్నినవారిలో కొందరు ప్రభువులు ఉండిరి. ఆశ్చర్యమేమనగా, ఆయన గౌరవించి సంఘరాజును చేసిన శరణంకరుడు కూడ వారితో చేరెను. మల్వత్త విహారమున ధర్మశ్రవణమునకు రాజు వచ్చి కూర్చుండు ఆసనము క్రింద గొయ్యి త్రవ్వి అందు శూలములు నాటిరట. ఆయనకు బదులు సయామునుండి భిక్షువేషమున వచ్చియుండిన ఒక రాజకుమారుని సింహాసనమెక్కింపవలెనని వారి ఉద్దేశము. రాజునకు ముందుగానే తెలిసిపోయెను. కుట్రలో చేరిన ఒక అదికారమునకు, అనగా ప్రధానమంత్రికి, మరణశిక్ష పడెను. సయాము రాజకుమారుడు దేశమునుండి వెడలగొట్టబడెను. శరణంకరుని మాత్రము కొంతకాలము నిర్బంధించి, పిదప విడిచి, పూర్వపు గౌరవమును తిరిగి ఇచ్చెను. ఇది రాజనీతియో, గురుభక్తియో, రెండునో.

కుట్రదారుల ఫిర్యాదు ఏమి? రాజు బౌద్ధుడైయుండియు నుదుట విభూతి పెట్టుట మానలేదని. మూడు వ్రేళ్లతో అద్దిన భస్మము! ఉపసంపదను తెచ్చినవాని నుదుట ఆ బూడిదగీతలే వారికి కనబడినవి. రాజు ఎందుకు మానలేదో ఎక్కడను చెప్పియుండలేదు. చిన్ననాడు తల్లి నేర్పిన అలవాటు అయియుండవచ్చును. దేశాంతరమున స్థిరపడినవాడు భాష మార్చును, వేషము మార్చును, దైవమును సైతము చేర్చుకొనును. ఏదో ఒక చిన్న గుర్తును మాత్రము వదలలేడు. చూచువారికి ఆ చిన్న గుర్తే కొండంత కనబడును. కండి ప్రభువుల కోపమునకు అసలు కారణము విభూతి కాదనుట స్పష్టమే. రాజు చుట్టుపట్ల మధుర బంధువులు కొలువుతీరుటయు, వారికి పరపతి పెరుగుటయు వారు సహింపలేకపోయిరి. కాని చెప్పుకొనుటకు ఒక గుర్తు కావలెను గదా.

పైపెచ్చు డచ్చివారితో యుద్ధము. 1761లో మొదలైన ఆ పోరులో 1765లో డచ్చి గవర్నరు వాన్ ఎక్ కండి నగరము ప్రవేశించి దోచెను. రాజును దంతధాతువును అంతకుముందే కొండలలోనికి తప్పించుకొని పోయిరి. జ్వరములు, ఆకలి పట్టుకొని డచ్చి సేన నిలువలేకపోయెను. అయినను 1766లో కుదిరిన సంధిచే కండికి సముద్రతీరమంతయు పోయెను. ఈ మధ్యలో 1762లో చెన్నపట్టణమునుండి ఆంగ్లేయుల పక్షమున పైబస్ అనువాడు రాయబారిగా వచ్చి రాజును దర్శించెను గాని సాయము చేయలేదు. కీర్తి శ్రీ గుఱ్ఱముపైనుండి పడి, ఆ గాయములచే 1782 ఆరంభమున మరణించెను.

తమ్ముడు రాజాధి రాజసింహుని పాలన పదునారేండ్లు. ఆయన పండితుడు. పాళీ సంస్కృతములు చదివెను. సింహళభాషలో అసదృశ జాతకమును కావ్యముగా వ్రాసెను. మధురలో తెలుగు వచనము వ్రాసిన నాయకుల బంధుకోటిలో, రెండు మూడు తరములు తిరుగునప్పటికి, సింహళ కావ్యము వ్రాసినవాడు పుట్టెను. రాజధానులలో ఉద్యోగములు చేయుచు, పిల్లల నాలుకపై అమ్మభాష నిలుపుటకు సాయంకాలములు తంటాలుపడు తల్లిదండ్రులకు ఈ మార్పు ఎంత సహజముగా, ఎంత వేగముగా జరుగునో వివరింపనక్కరలేదు. పేర్లు మాత్రము కొంత ఆలస్యముగా మారును. ఆయన పట్టమహిషి పేరు ఉపేంద్రమ్మ. తరువాతి రాజు రాణి పేరు వేంకట రంగమ్మాళ్. పేరు మొదలు తెలుగునేలది, తోక తమిళనాటిది, మెట్టినది సింహళము.

1796 నాటికి డచ్చివారి తీరప్రాంతము ఆంగ్లేయుల వశమయ్యెను. 1798లో రాజాధి రాజసింహుడు సంతానము లేక మరణించెను. అప్పుడు పిలిమతలావె అను ప్రధానామాత్యుడు, రాణి సోదరుడు ముత్తుసామి మొదలగువారిని త్రోసిరాజని, సుబ్బమ్మ కుమారుడు కన్నుసామిని తెచ్చి సింహాసనమెక్కించెను. కుఱ్ఱవానికి అప్పటికి పదునెనిమిదేండ్లు. చెప్పినట్లు వినునని పిలిమతలావె తలచెను. కొంతకాలమునకు తానే రాజు కావచ్చునని కూడ తలచి ఆంగ్లేయ గవర్నరు నార్తుతో మంతనములు సాగించెను. ముత్తుసామి పారిపోయి ఆంగ్లేయులను ఆశ్రయించెను. 1803లో వారు కండిని పట్టుకొని ముత్తుసామిని రాజుగా నిలిపిరి. వానలు, జ్వరములు, కండివారి ముట్టడి కలసి ఆ సేనను నాశనము చేసినవి. మేజరు డేవీ లొంగిపోయెను, సైనికులు వధింపబడిరి, ముత్తుసామికి శిరచ్ఛేదమయ్యెను. ఒక కుటుంబములోని ఇరువురు యువకులను రెండు పక్షములవారు రెండు బొమ్మలుగా చేసి ఆడించిరి. ఒక బొమ్మ విరిగినది. రెండవ బొమ్మ మాత్రము త్రాళ్లు తెంచుకొని నిలిచినది. పిలిమతలావె కడపట ఆ రాజు చేతనే మరణదండన పొందెను.

శ్రీ విక్రమ రాజసింహుని గూర్చి తీర్పు చెప్పుట సులభము కాదు. నేటి కండి నగరము నడుమనున్న చక్కని చెఱువు 1812లో పూర్తియైనది. దానిని, దంతాలయము ముందరి అష్టకోణ మండపమును దేవేంద్ర మూలాచారి అను శిల్పి రాజాజ్ఞచే నిర్మించెను. కాని చెఱువు త్రవ్వుటకు ప్రజలచే వెట్టి చేయించెను, ప్రజలు తిట్టుకొనిరి. ప్రభువుల అధికారములను కత్తిరించెను, ప్రభువులు పగపట్టిరి. 1814లో ఎహెలెపొల అను మంత్రి ఆంగ్లేయులతో చేయికలపి పారిపోగా, రాజు అతని భార్యాపుత్రులను చంపించెను. పెద్దకుమారుడు భయపడి తల్లిని పట్టుకొనగా, చిన్నవాడు ముందునకు వచ్చి చావు ఎట్లు చావవలెనో చూపెనని నేటికిని సింహళములో పిల్లలకు చెప్పుదురు. ఈ దుష్కార్యమును ఏ వంశాభిమానముతోను కప్పిపుచ్చరాదు. మనవాడు కదాయని మెత్తగా చెప్పుట చరిత్రకు తగదు. అయితే ఆ కథను ఆంగ్లేయులు తమకు అనుకూలముగా ఎంతో వాడుకొనిరన్నదియు నిజమే. అంతటి క్రూరదండనలు సింహళ వంశపు రాజుల కాలమునను కలవు. అప్పుడు మాత్రము రాజు పరాయివాడని ఎవ్వరును అనలేదు.

1815 ఫిబ్రవరిలో ఆంగ్లేయసేనలు కండిని ఆక్రమించినవి. ప్రభువులు రాజును విడిచిపోయిరి. ఫిబ్రవరి 18న మెదమహనువర ప్రాంతమున ఒక ఇంట దాగియున్న రాజును, రాణులను ఎహెలెపొల మనుష్యులు పట్టుకొని, త్రాళ్లతో కట్టి, నగలు ఒలిచి ఆంగ్లేయులకు అప్పగించిరి. మార్చి 2న కండి సభామండపమున గవర్నరు బ్రౌన్రిగ్ సమక్షమున ఒక ఒడంబడిక చదువబడెను.

దస్త్రములతో నిత్యము పనిచేయువారు ఆ ఒడంబడికను ఒకసారి శ్రద్ధగా చదువదగును. మొదటి ఖండికలో మలబారు పాలకుని దౌష్ట్యము వర్ణింపబడెను. రెండవ ఖండికలో రాజు పదభ్రష్టుడయ్యెననియు, ఆయన బంధువులు, పై తరములవారైనను, క్రింది తరములవారైనను, ప్రక్కశాఖలవారైనను, రక్తసంబంధముచే గాని వివాహసంబంధముచే గాని బంధువులైన ఎవ్వరును, ఇక నెన్నడును సింహాసనమునకు అర్హులు కారనియు, మలబారు జాతికి కండి రాజ్యముపై గల హక్కు సమస్తము రద్దయ్యెననియు గలదు. మూడవ ఖండికచే, ఆ బంధువులలో పురుషులెవ్వరును వ్రాతమూలకమైన అనుమతి లేనిదే ఆ దేశములో అడుగుపెట్టరాదు, పెట్టినచో సైనికశాసనము క్రింద శిక్ష. చిత్తు వ్రాసినవాడు గట్టివాడు. ఒక్క చుట్టరికమును వదలలేదు. డెబ్బదియారు సంవత్సరములు రాజ్యమేలి, తెగిన ధర్మపరంపరను తిరిగి అతికించి, ఆ దేశపు భాషలో కావ్యము వ్రాసిన కుటుంబమునకు అది వెళ్లిపొమ్మను తాఖీదు. క్రింద సంతకము చేసిన కండి ప్రభువులలో కొందరు తమిళాక్షరములతో సంతకము చేసిరి. పరాయి జాతివానిని తరిమివేయు పత్రముపై ఆ జాతి లిపిలో వ్రాలు! వారికి అది విపరీతముగా తోచలేదు. అనగా భాషలు, లిపులు, వేషములు అచ్చట అంతవరకు ఒకదానితో నొకటి కలసియే యుండినవన్నమాట. ఎవడు మనవాడు, ఎవడు కాడు అను గీత ఆ పత్రముతో గట్టిపడెను. ఆ కాలపు సింహళ పద్యకావ్యము వడిగ హటన పేరే దానికి సాక్షి. వడిగలపై పోరు, అనగా తెలుగువారిపై పోరు.

తరువాత జరిగినది మరింత విచిత్రము. మూడు సంవత్సరములు తిరుగకముందే, 1817లో, ఊవ ప్రాంతమున ఆంగ్లేయులపై గొప్ప తిరుగుబాటు లేచినది. దానికి రాజుగా నిలిచిన విల్బావె అనువాడు మాజీ భిక్షువు, అచ్చమైన సింహళీయుడు. కాని అతడు ఏమని చెప్పుకొనెను? తాను పదభ్రష్టుడైన నాయకరాజు బంధువు దొరైసామినని! ఆ పేరు చెప్పిననే జనము నమ్మిరి, లేచిరి. ఏ జాతికి హక్కు లేదని పత్రము వ్రాసిరో, ఆ జాతి పేరు పెట్టుకొనినగాని సింహళ యోధుడు సింహళ ప్రజలకు రాజు కాలేకపోయెను. అణచుటకు పంపబడిన కెప్పెటిపొల దిసావె కూడ తిరుగుబాటులో చేరి, 1818 నవంబరు 26న శిరచ్ఛేదము పొందెను. ఇక ఎహెలెపొల సంగతి. రాజును పట్టియిచ్చినందులకు తనకు సింహాసనము దొరకునని అతడు ఆశించెను. దొరకినది మారిషస్ దీవికి ప్రవాసము. 1829లో అచ్చటనే మరణించెను.

రాజును, రాణులను, బంధుజనమును 1816 జనవరి 24న కారన్‌వాలిస్ అను ఓడపై కొలంబోనుండి చెన్నపట్టణమునకు తరలించిరి. తోడువచ్చిన గ్రాన్విల్ అను ఆంగ్ల ఉద్యోగి ఆ ప్రయాణమును గూర్చి దినచర్య వ్రాసియుంచెను. పిదప వారిని వేలూరు కోటలో ఉంచిరి. అంతకు పదియేండ్ల ముందువరకు టిప్పు సుల్తాను కుమారులు నిర్బంధములో నున్నదియు ఆ కోటయే. కోటలోని ఒక భవనమునకు కండి మహలు అను పేరు నిలిచిపోయినది. వేలూరులో ఆ కుటుంబము పెరిగినది, చీలినది, పలుచబడినది. సింహళ ప్రభుత్వము వారికి పింఛను ఇచ్చుచు వచ్చెను. తరములు గడచినకొలది వాటాలు ఎక్కువై, ఒక్కొక్కరి చేతికి వచ్చు సొమ్ము చిల్లరగా మారినది. పింఛను కాగితములపై రాజవంశీకులని వ్రాయించుకొనుటయే కడకు మిగిలిన రాజ్యము.

రాజు పతాకము ఎఱ్ఱని నేలపై కత్తి పట్టిన సింహము. దానిని ఆంగ్లేయులు లండనుకు కొనిపోయి చెల్సీ సైనికాశ్రమమున ఉంచిరి. శతాబ్దము పైగా అది అచ్చట పడియుండెను. 1948 ఫిబ్రవరి 4న సింహళము స్వతంత్రమైనప్పుడు ఎగురవేయబడిన పతాకము ఆ సింహపతాకమే. ఇప్పటి శ్రీలంక జాతీయపతాకములోని సింహము దానినుండి వచ్చినదే. సింహాసనమును కూడ ఇంగ్లండునకు కొనిపోయిరి; విండ్సరు కోటలో ఉంచి 1934లో తిరిగి ఇచ్చిరి. ప్రస్తుతము అది కొలంబో మ్యూజియములో కలదు. దానిని 1693లో డచ్చివారు రెండవ విమలధర్మసూర్యునకు కానుకగా ఇచ్చిరి. ఆయన రాణియు మధుర పిల్లయే. ఆ ఆసనముపై కూర్చుండిన రాజులు ఆరుగురు. వారిలో చివరి నలుగురు ఈ కుటుంబమువారు.